బోధ మారితే విశ్వాసం మారినట్టేనా?

ప్రశ్న: దేవుని మాట మారదని మా పాస్టరుగారు చెబుతారు. సంఘాల బోధ మాత్రం కాలాన్నిబట్టి మారుతూనే ఉంది. పరమత సహనమంటే విశ్వాసంలో రాజీపడటమేనా?
– ఒక పాఠకురాలు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: గ్రంథం అదే అయినా, దాన్ని చదివే తీరు మారిన మాట నిజం. బానిసల యజమానులను మిషనరీలుగా పంపవచ్చునా అన్న వివాదంతో అమెరికాలో 1845లో విడిగా ఏర్పడిన సదరన్ బాప్టిస్టు సంఘం, ఆనాడు బానిసత్వాన్ని బైబిలు వచనాలతోనే సమర్థించి, 1995లో అందుకు క్షమాపణ చెప్పింది. (నూటయాభై ఏళ్లు పట్టిందన్నది వేరే సంగతి.) కథోలిక సంఘంలో మార్పు ఇంకా ఆసక్తికరం. 1864లో తొమ్మిదవ పయస్ పోపు ఖండించిన భావాల జాబితాలో మత స్వేచ్ఛకు సంబంధించినవీ ఉండగా, 1965లో రెండవ వాటికన్ మహాసభ ఆ స్వేచ్ఛను మానవ గౌరవం నుంచి పుట్టిన హక్కుగా ప్రకటించింది. విశ్వాసం బలవంతాన పుట్టదన్న పాత బోధనే అందుకు ఆధారంగా చూపింది.

ఇక సహనం. ఏటా ఫిబ్రవరిలో విజయవాడ గుణదల కొండకు హిందువులు కూడా వచ్చి కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు. మరియమ్మకు మొక్కుకోవడాన్నే ఒప్పుకోని ప్రొటెస్టెంటులు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వారు ఒప్పుకోనక్కర లేదు. మీ పాస్టరుగారు ఆ మొక్కులను ప్రసంగంలో నిస్సంకోచంగా విమర్శించవచ్చు. కొండెక్కేవారిని అడ్డుకోనంతవరకు, అవమానించనంతవరకు ఆయన సహనానికి లోటు లేదు, విశ్వాసానికీ లేదు.