టామ్ జోన్స్ సినిమా ఇంట్లో పెద్దవాళ్లతో కలిసి చూడవచ్చా?

మీరు అడిగినవి రెండు. 1963లో వచ్చిన ఇంగ్లీషు సినిమా ‘టామ్ జోన్స్’ కాస్త పచ్చిగా ఉంటుందని విన్నారు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో చూడవచ్చా అన్నది ఒకటి. ముందు దానికి మూలమైన నవల చదవాలా, సినిమా చూడాలా అన్నది రెండోది. నవలను పరీక్ష కోసం చదివాను, సినిమాను మా అమ్మ పక్కన కూర్చుని చూశాను కాబట్టి రెండింటికీ చెప్పగలను.

ముందు అమ్మ సంగతి. డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు పాఠాలు చెప్పే రోజుల్లో తరగతిలో పనికొస్తుందని ఈ సినిమా డీవీడీ తెచ్చుకున్నాను. అప్పుడే అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. నిద్రపోయి ఉంటుందిలే అని మొదలుపెడితే, దూదీ పళ్లెమూ పట్టుకుని వచ్చి వత్తులు చేసుకుంటూ పక్కనే కూర్చుంది. ఆపేస్తే ఎందుకు ఆపావంటుంది, ఆపకపోతే ముందు ఏం వస్తుందో నాకు తెలుసు. ఎటూ తేల్చుకోలేక అలాగే నడవనిచ్చాను.

మొదటి సన్నివేశమే ఆమెను పట్టేసింది. ఆల్‌వర్దీ అనే పెద్దమనిషి లండన్ నుంచి ఇంటికి వచ్చి పడుకోబోతే పక్క మీద ఒక పసికందు ఉంటాడు. దాన్నంతా మూకీ సినిమాల పద్ధతిలో, మధ్య మధ్య అక్షరాల పలకలు చూపిస్తూ, హార్ప్సికార్డ్ వాయిద్యంతో గబగబా నడిపించేశారు. భాష అక్కర్లేకుండానే అమ్మకు సంగతి తెలిసిపోయింది. “ఎవరి బిడ్డో పాపం” అంది. కథంతా నడిచేది ఆ ప్రశ్న మీదే, అందుకే జవాబు ఇక్కడ చెప్పను.

ఇక మీరు భయపడుతున్న ఘట్టం. ఆప్టన్ అనే ఊళ్లో, ఒక సత్రంలో, ఆ పసికందే పెరిగి పెద్దవాడైన టామ్, తాను దారిలో కాపాడిన వాటర్స్ అనే స్త్రీతో ఎదురెదురుగా కూర్చుని భోజనం చేస్తాడు. టామ్‌గా ఆల్బర్ట్ ఫిన్నీ, ఆమెగా జాయిస్ రెడ్‌మన్. సూప్, పెద్ద సముద్రపు రొయ్య, కోడి, ఆల్చిప్పలు, చివరికి పండ్లు. ఒక్క మాట లేదు, ఒకరినొకరు తాకరు. కొరకడం, జుర్రుకోవడం, ఎముక లాగడం, పండు రసం గడ్డం మీద కారడం, ఆ మధ్యలో చూపులు, అంతే. అమ్మ వత్తులు చేయడం ఆపేసింది. కాసేపు చూసి, “వీళ్ల ఆకలి కోడి మీద కాదులే” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నేల చూపులు చూస్తూ ఉండిపోయాను. ఎమ్మే చదివిన నాకు పాఠం చెప్పడానికి గంట పట్టే విషయాన్ని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

ఈ సినిమాలోని కొంటెతనం చాలావరకు ఇలాంటిదే. తలుపు మూసుకోగానే కథకుడి గొంతు వినిపించి, మర్యాద కోసమూ సెన్సారు కోసమూ ఇక్కడితో ఆగుదామంటుంది. ఒకచోట టామ్ తన టోపీని కెమెరాకే అడ్డంగా తగిలిస్తాడు. పాత్రలు ఉన్నట్టుండి మన వైపు తిరిగి మాట్లాడతాయి. ఐరిష్ నటుడు మీహాల్ మాక్ లియమోర్ చెప్పిన ఆ వ్యాఖ్యానం మన నాటకాల్లో సూత్రధారుడిలా ఎంతో పెద్దరికంగా వినిపిస్తుంది. ఆ పెద్దరికమే సగం నవ్వు తెప్పిస్తుంది.

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే నవల వైపు వెళ్లాలి. హెన్రీ ఫీల్డింగ్ 1749లో అచ్చు వేయించిన ఈ నవలలో 18 భాగాలున్నాయి. ప్రతి భాగం మొదటి అధ్యాయంలోనూ కథ ఆగిపోతుంది. హరిదాసు చిడతలు పక్కన పెట్టి పిట్టకథ ఎత్తుకున్నట్టు, రచయిత మనతో ముచ్చట పెడతాడు. విద్యార్థిగా వాటన్నిటినీ దాటేసి చదివాను. పరీక్షలో మొదటి ప్రశ్న వాటి మీదే వచ్చింది. ఏం రాశానో ఇప్పుడు గుర్తులేదు, గుర్తుండకపోవడమే మంచిది.

ఆ ముచ్చట్లలో మొదటిదే భోజనం గురించి. రచయిత అంటే సత్రం నడిపేవాడి లాంటివాడనీ, ఏమేం వండాడో ముందే చెప్పాలనీ, తన దగ్గరున్న వంటకం ఒక్కటే, అది మనిషి స్వభావమనీ అంటాడు ఫీల్డింగ్. ఆప్టన్ ఘట్టం కూడా నవలలో వేరుగా ఉంటుంది. అక్కడ తినేది టామ్ ఒక్కడే. మూడు పౌన్లకు తక్కువ కాని గొడ్డు మాంసం లాగిస్తుంటాడు. వాటర్స్ చూపులు విసురుతూ ఉంటుంది. ఫీల్డింగ్ ఆ చూపులను అస్త్రాలుగా చేసి, యుద్ధ పర్వంలా వర్ణిస్తాడు. మాటల్లో నడిచిన ఆ యుద్ధాన్ని తెర మీద చూపించలేరు కాబట్టి, దర్శకుడు టోనీ రిచర్డ్‌సన్, స్క్రీన్‌ప్లే రాసిన జాన్ ఆస్బర్న్ ఆవిడ చేతికి కూడా కోడి కాలు ఇచ్చేశారు. పుస్తకం నుంచి ఇంతగా పక్కకు జరిగి, పుస్తకం మనసును ఇంత దగ్గరగా పట్టుకున్న సినిమాలు నేను చూసినవాటిలో తక్కువ.

అంతా మెచ్చుకోలే కాదు. లండన్ చేరాక బిగువు తగ్గుతుంది. బెల్లాస్టన్ దొరసాని టామ్‌ను డబ్బిచ్చి పోషించడం నవలలో చురుక్కుమంటుంది, అక్కడ యాభై పౌన్ల నోటు చేతిలో పడుతుంది. సినిమా దాన్ని సరదాగా దాటేస్తుంది. చివర్లో టామ్ మెడకు ఉరితాడు వేయడం కూడా సినిమా వాళ్ల చేర్పే. నవలలో అతను జైలు దాకానే వెళ్తాడు. ఆస్కార్లలో 10 నామినేషన్లు వచ్చి, ఉత్తమ చిత్రంతో సహా నాలుగు గెలిచింది. ఉత్తమ సహాయ నటి పోటీలో ఈ ఒక్క సినిమా నుంచే ముగ్గురు నిలబడ్డారు, ముగ్గురికీ రాలేదు. రెడ్‌మన్‌కు రాకపోవడం నాకు ఇప్పటికీ బాధే.

ఇంతకీ అమ్మ మొహం తిప్పుకున్నది ఒకే ఒక్కచోట, అదీ శృంగారం దగ్గర కాదు. ఆల్‌వర్దీకి పొరుగు జమీందారైన స్క్వైర్ వెస్టర్న్ బలగమంతా జింక వేటకు బయలుదేరే ఘట్టంలో. హెలికాప్టర్ నుంచి తీసిన దృశ్యాలతో పండుగలా మొదలవుతుంది. చూస్తుండగానే కెమెరా నేలకు దిగి, రౌతుల బూట్లకుండే ముళ్లు గుచ్చుకున్న గుర్రాల డొక్కల మీద నెత్తురు, జింక మీద పడ్డ కుక్కలు కనిపిస్తాయి. అప్పటిదాకా ఆ తాగుబోతు వెస్టర్న్‌ను చూసి నవ్విన అమ్మ, “అయిపోయాక చెప్పు” అని కళ్లు మూసుకుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ముందుగా చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఈ వేట గురించే.

నిరభ్యంతరంగా కలిసి చూడండి. సినిమా ముందు, నవల తర్వాత. ఆ కథకుడి గొంతు చెవిలో ఉంటే, నేను దాటేసిన అధ్యాయాలను మీరు దాటేయరు. 1989లో రిచర్డ్‌సన్ తానే ఏడు నిమిషాలు కత్తిరించిన ప్రతి కూడా ఉంది. ఏది దొరికినా పరవాలేదు. కానీ భోజనం చేసి కూర్చోండి. మేమిద్దరం ఆ రోజు ఏమీ తినకుండా కూర్చున్నాం. ఆప్టన్ సత్రం దాటగానే సినిమా ఆపి, రాత్రి పదకొండింటికి పప్పులో తాలింపు వేసుకోవాల్సి వచ్చింది.