శుక్లాల ఆపరేషన్: పీజీ చేతికి ఏం వస్తుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ పూర్తిచేసింది. నీట్ పీజీ ర్యాంకును బట్టి ఎంఎస్ ఆఫ్తల్మాలజీ సీటు వచ్చేలా ఉంది. పెద్దవయసు వాళ్ల కంటి జబ్బులంటే తనకు ఆసక్తి. పీజీలతో చూపు పరీక్షలు చేయించడమే తప్ప ఆపరేషన్లు ఇవ్వరని కొందరంటున్నారు. నిజమేనా? కాలేజీ ఎలా ఎంచుకోవాలి?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: అది కాలేజీని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల మూడేళ్లలో చేయి బాగా తిరుగుతుంది, కొన్నిచోట్ల అసిస్ట్ చేయడంతోనే కోర్సు అయిపోతుంది. అయితే చూపు పరీక్షలను మాత్రం తక్కువ చేసి చూడొద్దండి. శుక్లాల ఆపరేషన్ ఫలితం చాలావరకు అక్కడే తేలిపోతుంది.

మొదటి ఏడాది పీజీ ఓపీలో చూసేవి ఇవి: చూపు, కంటి ఒత్తిడి, షుగరు, బీపీ, కన్నీటి తిత్తి నొక్కితే చీము వస్తోందా లేదా. కంటిపాప అంచున తెల్లటి పొట్టు ఉంటే లెన్సును పట్టి ఉంచే దారాలు బలహీనంగా ఉండొచ్చు. ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ అనే మందు వాడుతున్న పెద్దాయనకైతే ఆపరేషన్ మధ్యలో ఐరిస్ (కంటిపాప చుట్టూ ఉండే రంగు పొర) వదులై బయటికి జారొచ్చు. ఈ రెండూ కేస్ షీటులో రాయకపోతే టేబుల్ దగ్గర సర్జన్‌కు ఊహించని ఇబ్బంది. కంట్లో పెట్టబోయే లెన్సు పవర్ కొలతా పీజీ పనే. కంటి పొడవు కొలిచే ఎ-స్కాన్ ప్రోబ్‌ను కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద కాస్త గట్టిగా నొక్కితే కన్ను పొట్టిగా నమోదవుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడాకు లెన్సు పవర్‌లో సుమారు 2.5 నుంచి 3 డయాప్టర్లు తప్పుతాయి. ఆపరేషన్ చక్కగా జరిగినా రోగికి దూరపు చూపు మసకే.

ఇక కత్తి పట్టడం. చాలాచోట్ల మొదట నేర్పేది కుట్లు లేని ఎస్ఐసీఎస్, అంటే చిన్న కోతతో చేత్తో శుక్లం తీసే పద్ధతి. మంచి సీనియర్లు ఆపరేషన్ మొత్తం ఒకేసారి ఇవ్వరు, ఒక్కో దశ అప్పగిస్తారు. ఎక్కువగా చెడేది టన్నెల్, అంటే కంట్లోకి వెళ్లే సొరంగం లాంటి కోత దగ్గర. కంటి తెల్లగుడ్డు మందంలో సగం లోతున, 6 - 7 మిల్లీమీటర్ల వెడల్పుతో, క్రెసెంట్ బ్లేడును కార్నియాలోకి ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా నడపాలి. పైపైన పోతే టన్నెల్ పైకప్పుకు చిల్లు పడుతుంది. లోతుగా పోతే ముందే లోపలికి దిగి ఐరిస్ బయటికొస్తుంది. రెండు సందర్భాల్లోనూ అక్కడే ఆగి, రెండో అంచు నుంచి సరైన లోతులో మళ్లీ మొదలుపెట్టాలి. లెన్సు సంచి వెనక పొర చిరిగితే మాత్రం చేతిలో ఉన్న పరికరాన్ని గబుక్కున లాగకూడదు, విట్రియస్ (కంటి లోపలి జెల్లీ) దాని వెంటే వస్తుంది. సైడ్ పోర్టు (పక్కన పెట్టిన చిన్న రంధ్రం) నుంచి విస్కో అనే చిక్కటి జెల్ నింపి, ఆ తర్వాతే తీసి, సీనియర్‌ను పిలవాలి.

నీటికాసుల్లో (గ్లకోమా) కార్నియా, ఐరిస్ కలిసే మూలను చూసే యాంగిల్ పరీక్ష, చూపు విస్తీర్ణం తెలిపే ఫీల్డ్స్ చదవడం పీజీలకు బాగా అలవాటవుతాయి. వయసుతో మాక్యులా (రెటీనా మధ్యభాగం) దెబ్బతిన్నవాళ్లకు ఓసీటీ (రెటీనా పొరల స్కాన్) చూసి, సీనియర్ పర్యవేక్షణలో కంట్లోకి ఇంజెక్షన్ ఇవ్వడం నేర్చుకుంటారు. ముందు 5 శాతం పోవిడోన్ అయోడిన్ వేస్తారు. సూదిని కార్నియా అంచు నుంచి సొంత లెన్సున్న కంటికి 4 మిల్లీమీటర్ల దూరంలో, పెట్టిన లెన్సున్న కంటికి 3.5 దూరంలో గుచ్చుతారు. మందు 0.05 మిల్లీలీటరు. ఆ తర్వాతి రోజుల్లో నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనబడితే ఇన్ఫెక్షన్‌గా అనుమానించి అదే రోజు చూడాలి. ఇలాంటి ఫోను మొదట అందుకునేది చాలాసార్లు డ్యూటీ పీజీయే.

కాలేజీ విషయానికొస్తే, ఫైనలియర్ పీజీల లాగ్‌బుక్ చూపించమని అడగండి. స్వయంగా చేసినవెన్నో, అసిస్ట్ చేసినవెన్నో విడివిడిగా లెక్కపెట్టండి. మేక కళ్ల మీద సాధన చేసే వెట్‌ల్యాబ్ ఉందా, మైక్రోస్కోపుకు పక్కన కూర్చునేవాళ్లు చూసే రెండో గొట్టం ఉందా, శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి తీసే ఫాకో మిషన్ పీజీలకు ఇస్తారా అనేవి తెలుసుకోండి. హైదరాబాద్ సరోజినీదేవి, విశాఖ ప్రాంతీయ కంటి ఆసుపత్రి లాంటి ప్రభుత్వ సంస్థల్లో రోగులకు కొదవుండదు. పేరున్న ప్రైవేటు కాలేజీ కంటే ఓపీ కిటకిటలాడుతూ, సీనియర్లు పక్కన నిలబడి నేర్పే ప్రభుత్వ కాలేజీకే నా ఓటు. ఫాకో పూర్తిగా రాకపోయినా కంగారొద్దు, ఎల్వీ ప్రసాద్, అరవింద్ లాంటి సంస్థల ఫెలోషిప్‌లలో నేర్చుకోవచ్చు.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు మరో పని: మీ అమ్మాయికి రెండు కళ్లతో కలిపి లోతును గుర్తించే చూపు సరిగా ఉందో లేదో పరీక్ష చేయించండి. చిన్నప్పుడు మెల్లకన్నో, ఒక కంట్లో మందచూపో ఉండి ఉంటే మైక్రోస్కోపు కింద లోతు అంచనా కష్టమవుతుంది. ఆ సంగతి సీటు తీసుకోకముందే తెలియడం మంచిది.