సెల్లార్ గోడల చెమ్మ: రంగు ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: మా సెల్లార్ గోడల అడుగు భాగం ఎప్పుడూ చెమ్మగానే ఉంటోంది. తెల్లటి పొడి రాలుతోంది. వాటర్‌ప్రూఫ్ పెయింట్ రెండుసార్లు వేయించినా ఏడాది తిరగకుండానే బొబ్బలెక్కి ఊడిపోయింది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు

జవాబు: నీరు ఎటు నుంచి వస్తోందో తేలకుండా మూడోసారి రంగు వేయించవద్దని నా మనవి. గోడను పొడిగా తుడిచి, సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో గాలి చొరబడకుండా అతికించి, ఒకటి రెండు రోజులు అలాగే ఉంచండి. షీటు వెనుక, గోడవైపున నీటి బిందువులు పేరుకుంటే చెమ్మ గోడలో నుంచే వస్తోందని, గదివైపు తడిస్తే గాలిలోని ఆవిరి చల్లటి గోడకు తగిలి నీరవుతోందని అర్థం. రెండోదైతే గాలి ఆడే ఏర్పాటో, డీహ్యూమిడిఫయరో (గాలిలోని తేమను లాగేసే యంత్రం) సరిపోతుంది.

మీరు చెప్పిన తెల్లటి పొడిని బట్టి మొదటిదే కావచ్చు. గోడలోని లవణాలను కరిగించి తెచ్చిన నీరు, తాను ఆవిరైపోతూ వాటిని పైన వదిలిపెడుతుంది. లోపల వేసిన రంగును అదే నీరు వెనుక నుంచి నెడుతుంది కనుక అది ఎంత మంచిదైనా నిలవదు.

అందుచేత పని బయట మొదలుపెట్టండి. డాబా మీది వాన నీరు పునాది పక్కన పడకుండా గొట్టాలను దూరంగా మళ్లించి, ఇంటి చుట్టూ నేల మొదటి 3 మీటర్లలో 15 సెంటీమీటర్లు బయటికి వాలేలా మట్టి నింపించండి. చాలాసార్లు ఇంతమాత్రానికే చెమ్మ గణనీయంగా తగ్గుతుంది. తగ్గకపోతే బయట తవ్వించి, గోడకు వాటర్‌ప్రూఫ్ పొర వేయించి, అడుగున కంకర మధ్య చిల్లుల పైపు అమర్చాలి. ఆ తవ్వకం మాత్రం ఇంజినీరు పర్యవేక్షణలోనే, పునాది అడుగుకన్నా దిగువకు పోకుండా జరగాలి.