సోడియం ఎవరి ఖర్చుతో లోపలికొస్తోంది?

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. కణత్వచంలోని ప్రోటీన్ ఒక సోడియాన్ని లోపలికి తీసుకుని ఒక హైడ్రోజన్ అయాన్‌ని, అంటే ప్రోటాన్‌ని, బయటికి పంపుతుందని మొదటి పేరాలోనే రాసేశావు. తప్పేం లేదు, కానీ చదివేవాళ్లకి వెంటనే వచ్చే అనుమానం వేరు: దానికి శక్తి ఎక్కడిది? అది నీ వ్యాసంలో ఎంత వెతికినా కనబడలేదు.

అంకెలతో మొదలుపెట్టు. సోడియం కణం బయట దాదాపు 145 మిల్లీమోలార్ (గాఢత కొలమానం) ఉంటే లోపల 10-15 మాత్రమే. ఆ తేడాని సోడియం-పొటాషియం పంపు ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చుపెట్టి నిలబెడుతుంది, మన ఎక్స్చేంజర్, అంటే నువ్వు రాసిన ఆ మార్పిడి ప్రోటీన్, మాత్రం ఏటీపీని ముట్టుకోదు, లోపలికి జారే సోడియం ఊపుతోనే ప్రోటాన్‌ని బయటికి తోస్తుంది. మరి ప్రోటాన్‌ని అలా తోయాల్సిన పనేంటి అంటావా, కణం లోపలివైపు విద్యుత్తు రుణాత్మకం కదా, అది ప్రోటాన్లని లోపలికి లాగుతూనే ఉంటుంది, పైగా జీవక్రియల్లో ఆమ్లం పుడుతూ ఉంటుంది.

ఇక నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోట నేనైతే ఒక పేజీ ఆగుతాను. సోడియం తేడా పదిరెట్లు, మార్పిడి ఒకటికి ఒకటి. పీహెచ్ ఒక అంకె పెరిగిందంటే ప్రోటాన్లు పదిరెట్లు తగ్గినట్టు, కాబట్టి లెక్క ప్రకారం, బయటి పీహెచ్ 7.4 అయితే లోపల 8.4 దాకా పోవాలి. కానీ మన కణాల్లో ఎక్కువగా కనిపించే ఎక్స్చేంజర్ రకం, ఎన్‌హెచ్‌ఈ1 అంత దూరం పోనివ్వదు, లోపలి పీహెచ్ 7.2 దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఆగిపోతుంది. ఎందుకంటే మార్పిడి జరిగే చోటు కాకుండా లోపలివైపు ఇంకో చోట కూడా ప్రోటాన్ల ప్రభావం పడుతుంది, ఆమ్లం పెరిగితే ప్రోటీన్ జోరందుకుంటుంది, తగ్గితే మందగిస్తుంది. ఎంత అందంగా ఉందో చూడు! ఇది చెప్పకుండా 'పీహెచ్‌ని నియంత్రిస్తుంది' అని రాస్తే చదివేవాళ్లకి ఏమీ అందదు.

"ప్రోటీన్ గుర్తిస్తుంది, నిర్ణయిస్తుంది" లాంటి మాటలు తీసేయ్. దాని బదులు లోపల ఏం జరుగుతుందో చూపించు. ఈ.కోలై బ్యాక్టీరియాలో ఇలాంటి ఎక్స్చేంజరే అయిన ఎన్‌హెచ్‌ఏఏ నిర్మాణం 2005లో బయటపడింది. దాని మధ్యలో పక్కపక్కనే రెండు ఆస్పార్టేట్లు (ఒక రకం అమైనో ఆమ్లాలు), 163, 164 స్థానాల్లో. ప్రోటాన్లు అంటుకుని ఉంటే సోడియానికి చోటుండదు, సోడియం వచ్చి కూర్చుంటే ప్రోటాన్లు వదలాలి. పైగా ఆ చోటు ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి తెరుచుకుంటుంది తప్ప రెండువైపులా ఒకేసారి తెరుచుకోదు. రివాల్వింగ్ డోర్ లాగా అని ఒక్కసారి రాస్తే చాలు, పేరా పేరాకీ వాడకు.

అన్నట్టు, ఈ బ్యాక్టీరియా ప్రోటీన్‌లో దిశ తిరగబడుతుంది: రెండు ప్రోటాన్లు లోపలికి, ఒక సోడియం బయటికి. నువ్వేమో మన కణాల ప్రోటీన్‌కీ, దీనికీ ఒకే బొమ్మ పెట్టావు. రెండు బొమ్మలు వేసి, బాణాలు సరిచూసి, మళ్లీ పంపు.

— అన్నయ్య