బడి మానేసిన పిల్లలు: తల్లిదండ్రుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఎనిమిదో తరగతి వరకు బాగానే చదివాడు. ఆ తర్వాత పొద్దున లేవగానే కడుపునొప్పి అంటూ తరచుగా ఇంట్లోనే ఉండిపోయేవాడు. ఇప్పుడు బడి పూర్తిగా మానేశాడు. బతిమాలాం, తిట్టాం, ఫోన్ లాక్కున్నాం, ఒకసారి మావారు చేయి కూడా చేసుకున్నారు. ఏం అడిగినా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. అంతా మా పెంపకం లోపమే అని బంధువులు అంటుంటే నలుగురిలోకి వెళ్లడమే మానుకున్నాను. వాణ్ణి మళ్లీ బడికి పంపేదెలా?

జవాబు: అమ్మా, చదువు ఆగిపోయిన ఇళ్లలో తల్లిదండ్రులు ఏం పడుతున్నారో అడిగేవాళ్లు తక్కువ. బతిమాలడం, కోప్పడడం, భార్యాభర్తలు ఒకరినొకరు నిందించుకోవడం, చివరికి అందరికీ మొహం చాటేయడం చాలా ఇళ్లలో జరిగేదే. ఈ అవమాన భారంతోనే పిల్లవాణ్ణి ఎలాగైనా రేపే బడికి పంపాలన్న తొందర పుడుతుంది. ఆ తొందరలో వాడు ఎందుకు వెళ్లలేకపోతున్నాడో తెలుసుకునే అవకాశం చేజారిపోతుంది.

పొద్దున వచ్చి సెలవు రోజుల్లో కనబడని నొప్పిని చాలామంది నటన అనుకుంటారు. ఆందోళన వల్ల కడుపునొప్పి నిజంగానే వస్తుంది. ముందు వైద్యుడికి చూపించండి. శారీరక కారణం లేదని తేలినా వాడితో ‘నీకేమీ లేదు’ అనకండి.

బడికి వెళ్లనని మొరాయించే పిల్లలపై పరిశోధనలు చేసిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టఫర్ కీర్నీ, దీనికి నాలుగు రకాల కారణాలు చెప్పారు: బడిలో కలిగే భయాన్నో బాధనో తప్పించుకోవడం, నలుగురి ముందు మాట్లాడడం, పరీక్షలు రాయడం వంటి వాటికి దూరంగా ఉండడం, ఇంట్లో పెద్దల ధ్యాస కోరుకోవడం, బడి బయట అంతకన్నా ఇష్టమైనవి దొరకడం. ఒకే పిల్లవాడిలో రెండు మూడు కలిసి ఉండవచ్చు. ఫోన్ లాక్కోవడం ఈ చివరి కారణానికి ఏమైనా పనికిరావచ్చు గానీ, తోటివాళ్ల వేధింపులతో నలిగిపోతున్న పిల్లవాడికి అది మరో దెబ్బే అవుతుంది. అక్షరాలు చదవడం, రాయడం కష్టమయ్యే డిస్లెక్సియా వంటి ఇబ్బంది ఉన్న పిల్లలు చిన్న తరగతుల్లో జ్ఞాపకశక్తితో నెట్టుకొచ్చి, పాఠాల బరువు పెరిగాక ఒక్కసారిగా వెనకబడడం కూడా ఉంది. వాడు ఎనిమిదో తరగతి దాటాకే తడబడ్డాడు కాబట్టి ఈ కోణంలోనూ నిపుణులతో పరీక్ష చేయించండి.

చేయి చేసుకున్న సంగతిని మీరు ఒక్క మాటలో దాటేశారు, నేను దాటలేను. మీవారే వాడి దగ్గరకు వెళ్లి అది తన తప్పని, ‘కానీ నువ్వు కూడా’ అన్న మాట చేర్చకుండా, చెప్పాలి. ఆ తర్వాత కొన్నాళ్లు చదువు ఊసెత్తకుండా వాడితో కలిసి భోంచేయండి, నడవండి, వాడికి నచ్చిన పనిలో పక్కన కూర్చోండి. మాట్లాడడం మొదలుపెట్టినప్పుడు సలహా ఇవ్వకుండా వినండి. బతకాలని లేదన్న మాట వాడి నోట వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

ఈలోగా మీరు ఉపాధ్యాయులను కలవండి. దూరమైన కొద్దీ తిరిగి వెళ్లడం కష్టమవుతుంది కాబట్టి, మొదట రోజుకు ఒకటి రెండు పీరియడ్లకు, అదీ వాడికి నమ్మకమున్న ఉపాధ్యాయుడి తరగతికి, వచ్చేలా అనుమతి అడగండి. ఇది దేబిరించడం కాదు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 28వ అధికరణ ప్రకారం, పిల్లలు క్రమంగా బడికి వచ్చేలా, మధ్యలో మానేయకుండా చర్యలు తీసుకోవడం ప్రభుత్వాల బాధ్యత. నేరమంతా మీ పెంపకం మీద మోపే బంధువులకు మీరు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

ప్రశ్న: రెండేళ్ల కిందట చదువు మానేసి పనిలో చేరిన మా అమ్మాయి మళ్లీ చదువుతానంటోంది. ఈసారి మధ్యలో ఆపనని మాట తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ. తానుగా వచ్చిన పిల్లకు ఆ మాట ఒక షరతులా వినిపిస్తుంది, తడబడిన రోజున మీకు చెప్పుకోవడానికి భయపడుతుంది. పని చేసుకుంటూ పరీక్షలు రాసే వీలున్న సార్వత్రిక పాఠశాలల గురించి ఇద్దరూ కలిసి తెలుసుకోండి. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి పెట్టుకోకుండా, వీలుంటే తనకు ధైర్యమున్న ఒకటి రెండింటితో మొదలుపెట్టనివ్వండి. పాత బడి నుంచి తీసుకోవలసిన పత్రాల కోసం ఆమె వెళ్లడానికి మొహమాటపడితే మీరు తోడు వెళ్లండి.