ఉగాదికి ఆలస్యం, శివరాత్రికి అనువు

ప్రశ్న: ఉగాది సెలవుల్లో పిల్లలతో రెండు రోజులు పులికాట్ వైపు వెళ్లి, ఒక గైడును వెంటబెట్టుకుని పక్షులను, సముద్రపు ఒడ్డున పూసే అడవి పూలను చూడాలనుకుంటున్నాము. ఆ సమయం అనుకూలమేనా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితోనే మొదలైనా, ఆ పక్షులకు అప్పటికి కాలం ముగింపుకొస్తుంది కనుక, వీలైతే ప్రయాణాన్ని శివరాత్రి లోపలికి జరుపుకోండి. ఈశాన్య ఋతుపవనాల వానలకు చెరువులు నిండి చేపలు సమృద్ధిగా దొరికే రోజుల్లోనే గూడబాతులు (పెలికాన్లు) పులికాట్ దగ్గరి నేలపట్టు పక్షుల రక్షణ కేంద్రంలో గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. మార్చి గడిచేసరికి ఆ పిల్లలు ఎగిరిపోతాయి, పులికాట్‌లో లోతు తక్కువ చోట్ల నీరూ ఎండిపోతుంది.

రాజంపేట, రేణిగుంట, శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరితే నేలపట్టు దగ్గరే. చెరువు నీళ్లలో నిలిచి, పక్షులకు ఆశ్రయమిచ్చే చెట్టు పేరు కడప చెట్టు. (మన కడప ఊరి పేరు గడప నుంచి వచ్చిందంటారు గాని, ఈ పోలిక విని పిల్లలు సంబరపడకపోరు.) ఆ కొమ్మల మీద గూడబాతు పిల్ల, పెద్దపక్షి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చి చేపలను తింటుంటే, బైనాక్యులర్‌లో చూసేవారికి పెద్దది పిల్లను మింగేస్తోందేమోననిపిస్తుంది. గైడు అవసరం ఇక్కడే ఎక్కువ. నత్తగొట్టు కొంగ ఏదో, తెడ్డుమూతి కొంగ ఏదో చూపించేవారు లేకపోతే దూరానికి అన్నీ తెల్లని చుక్కలే.

సాయంత్రం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీద ఆగండి. దీవిలోకి అనుమతి లేనివారిని పంపరు గాని, రోడ్డుకు రెండు వైపులా సరస్సే. రాజహంసలు (ఫ్లెమింగోలు) మెడ వంచి, తల తలకిందులుగా పెట్టి బురదనీటిని ముక్కుతో వడగడతాయి. వాటి గులాబి రంగు ఆ నీటిలోని నాచు నుంచి, చిన్న జీవుల నుంచి వచ్చినదే. ఫోటో కోసం వాటిని అదిలించి లేపేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దయచేసి పిల్లలను ఆ పని చేయనివ్వకండి.

పూల విషయంలో తివాచీ పరిచినట్లు పూసే తోటలను ఊహించుకోవద్దు. తూపిలిపాలెంలోనో మైపాడులోనో రెండవరోజు తెల్లవారేసరికి ఇసుక తిన్నెల మీద ఉండండి. మేక గిట్టలా రెండుగా చీలిన ఆకులతో పాకే బాలబంద తీగ ఊదారంగు పూలు ఉదయమే విచ్చి, ఎండ ముదిరితే ముడుచుకుంటాయి. పక్కనే రావణాసురుని మీసాలనే గడ్డి ఉంటుంది. దాని ముళ్ల బంతులు ఎండిన తరువాత గాలికి ఇసుక మీద దొర్లుతూ విత్తనాలను మోసుకుపోతాయి. ఇసుకను పట్టి ఉంచేవి ఈ తీగలే కనుక పీకవద్దు. తిరుగు ప్రయాణానికి నెల్లూరు, బద్వేలు దారి బాగుంటుంది.

ఉగాదికే వెళ్లక తప్పదంటే, ఒడ్డు పూలకే ఎక్కువ సమయం కేటాయించి, నీళ్లు మిగిలిన చోట కనిపించిన రాజహంసలను చూసి రండి. నేలపట్టును వచ్చే మాఘమాసానికి ఉంచుకోండి.