అధిశోషణమా, శోషణమా?

సందేహం: హైడ్రోజన్‌తో విద్యుత్తు పుట్టించే ఫ్యూయల్ సెల్ గురించిన వ్యాసంలో “ప్లాటినం హైడ్రోజన్‌ను పీల్చుకుంటుంది” అని రాస్తే, “ప్లాటినం మీద హైడ్రోజన్ అధిశోషణం చెందుతుంది” అని దిద్దారు. శోషణమన్నా అధిశోషణమన్నా ఒకటే కదా? తేలిక మాట ఉండగా బరువైన మాట ఎందుకు?

సమాధానం: దిద్దినవారిదే ఒప్పు. స్పాంజి నీటిని తన లోపలికంతా తీసుకున్నట్టు జరిగితే అది శోషణం. పీల్చుకోవడం అనే మాట దానికే చెల్లుతుంది. పైపొర మీద మాత్రమే నిలిస్తే అధిశోషణం. ‘అధి’ అంటే మీద. అధిరోహించడంలో, అధిష్ఠించడంలో ఉన్నది ఆ ఉపసర్గే. విభక్తి కూడా దాన్ని బట్టే మారుతుంది: శోషణానికి ‘లోకి’, అధిశోషణానికి ‘మీద’. “ప్లాటినంలో అధిశోషణం చెందింది” అంటే రెండూ కలగాపులగమవుతాయి.

మీ వ్యాసంలో ఈ తేడా మరీ ముఖ్యం. హైడ్రోజన్ అణువు ప్లాటినం మీద వాలగానే దాని బంధం తెగి, రెండు పరమాణువులూ విడివిడిగా లోహానికి అంటుకుంటాయి. తరవాత ఎలక్ట్రాన్లను లోహానికి వదిలి, ప్రోటాన్లుగా, సెల్ మధ్యలో ప్రోటాన్లను సాగనిచ్చే పొరలోకి వెళ్ళిపోతాయి. పీల్చుకుని దాచుకోవడం ఇక్కడ లేదు. పనంతా పైపొరదే కనుకనే ప్లాటినాన్ని కొన్ని నానోమీటర్ల రేణువులుగా కర్బనం మీద పరుస్తారు. ముద్దగా వాడితే లోపలి పరమాణువులన్నీ వృథా.

పల్లాడియం సంగతి వేరు. అది తన ఘనపరిమాణానికి సుమారు 900 రెట్ల హైడ్రోజన్ వాయువును లోపలికి తీసుకోగలదు. అక్కడ ముందు అధిశోషణం, ఆపైన శోషణం. ఒకే వాక్యంలో రెండు మాటలూ కావాలి. ఒకటే ఉంటే ఆ వాక్యం రాయలేం.

క్రియను ఎంచుకోవడంలోనూ జాగ్రత్త అవసరం. భౌతిక అధిశోషణంలో విడుదలయ్యే శక్తి మోల్‌కు 20–40 కిలోజౌళ్ళే. “ఆనుకుని ఉంటుంది” అనవచ్చు. రసాయన అధిశోషణంలో అది 80–240 కిలోజౌళ్ళ దాకా ఉంటుంది. “బంధం ఏర్పరచుకుంటుంది” అనాలి. తేలిక మాటలే కావాలంటే ఇవి ఉన్నాయి, ‘అంటుకుంటుంది’ కూడా ఉంది. ‘పీల్చుకుంటుంది’ మాత్రం వద్దు.

ఈ విషయంపై వచ్చే వ్యాసాల్లో తరచు కనబడే మరో ప్రయోగం “ఉత్ప్రేరకం విషపూరితమైంది”. ఉత్ప్రేరకమంటే చర్యను వేగవంతం చేసే పదార్థం, ఇక్కడ ప్లాటినం. చదివినవారు ప్లాటినమే విషంగా మారిందనుకుంటారు. నిజానికి హైడ్రోజన్‌లో పది లక్షల పాళ్ళకు 10 పాళ్ళ కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా, 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర నడిచే సెల్‌లో అది ప్లాటినాన్ని గట్టిగా పట్టుకుని హైడ్రోజన్‌కు చోటివ్వదు. “కార్బన్ మోనాక్సైడ్ ఉత్ప్రేరకానికి విషమైంది” అని రాయండి. ప్లాటినానికి రుథీనియం జోడిస్తే, నీటి నుంచి వచ్చే ఆక్సిజన్‌తో ఆ మోనాక్సైడ్ డయాక్సైడ్‌గా మారి ఊడిపోతుంది.

“ఉత్ప్రేరకం చర్యలో పాల్గొనదు” అన్న వాక్యాన్ని కూడా వదిలేయాలి. పాల్గొంటుంది, బంధాలు కలుపుతుంది, తెంపుతుంది. చివరికి ఖర్చు కాదు, అంతే.